సూది విరిగిన చప్పుడు

మా టీ విరామంలోంచి పది నిమిషాలు కోసి ధ్యానానికి ఇచ్చారు. ధ్యానం మీద నా కోపం అక్కడ మొదలైంది, ఇప్పటికీ తగ్గలేదు. ఎవరైనా నా ముందు వీపు నిటారుగా పెట్టి కళ్ళు మూసుకుని కూర్చుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మంచిదే కదా, మనసు కుదుటపడుతుంది కదా అనేవాళ్ళతో నేను వాదించను. వాళ్ళ టీ ఎవరూ కోయలేదు.

బెంగళూరు శివార్లలో చందాపుర దగ్గర చొక్కాలు కుట్టి విదేశాలకు పంపే ఒక ఫ్యాక్టరీలో నేను చెకర్‌గా పనిచేసేదాన్ని. లైను చివర బల్ల దగ్గర నిలబడి, కుట్టయి వచ్చిన ప్రతి చొక్కానూ తిప్పి చూడాలి. తప్పున్న చోట బాణం గుర్తు స్టిక్కర్ అంటించి వెనక్కి పంపాలి. కాలరు మొన, గుండీల పట్టీ, చంక కుట్టు, కఫ్, పక్క కుట్టు, చివరికి కింది అంచు. నిమిషంలోపు అన్నీ అయిపోవాలి. కొన్నేళ్ళు చేశాక ఇది కళ్ళ పని కాకుండా పోతుంది. వేళ్ళే చూసుకుంటాయి. ఎక్కడ ఒక కుట్టు తప్పినా నా బొటనవేలు అక్కడ ఆగిపోయేది, ఆ తర్వాతే కళ్ళు అటు తిరిగేవి.

ఇక చెవుల సంగతి. ఒక అంతస్తులో మూడొందల మంది మిషన్లు తొక్కుతుంటే బయటివాళ్ళకు వినిపించేది ఒకటే హోరు. మాకు అలా కాదు. ఎదురు మిషన్‌లో సూది మొద్దుబారితే, గుడ్డలోకి దిగేటప్పుడు దాని చప్పుడు మారుతుంది. కుట్టే మనిషికంటే ముందు నాకే తెలిసేది. సూది మార్చుకోవే అని కేకేసేదాన్ని. ఇంక సూది విరిగితే చెప్పనే అక్కర్లేదు. టక్కుమని ఒక్క చప్పుడు, వెంటనే మోటారు ఖాళీగా తిరిగిన చప్పుడు. ఎంత హోరులోనైనా దగ్గర్లో ఉన్నవాళ్ళందరూ తలెత్తి చూసేవాళ్ళు.

చూడక తప్పదు. సూది విరగడం మా దగ్గర చిన్న విషయం కాదు. విరిగిన క్షణమే చెయ్యెత్తాలి. సూపర్‌వైజర్ వచ్చేదాకా ఆ గుడ్డ కదపకూడదు, ఆ నడవలో ఎవరూ నడవకూడదు. ముక్కలన్నీ ఏరి, రిజిస్టర్‌లో టేపుతో అంటించి, సూది మొత్తం కుదిరిందని చూపిస్తేనే కొత్త సూది ఇస్తారు. మొన దొరకలేదంటే ఆ లైనులో ఆ రోజు కుట్టిన చొక్కాలన్నీ ఆగిపోతాయి. ఎక్కడో ఎవరి మెడకో గుచ్చుకుంటే ఎలా? ఆ ఫ్యాక్టరీలో నాకు నచ్చిన రూలు ఇదొక్కటే. చెయ్యెత్తాల్సింది కుట్టే మనిషి ఒక్కతే కాదు, చప్పుడు విన్న ప్రతి మనిషీ ఎత్తాలి. చెకర్ అయితే మరీను.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మాకు ధ్యాస లేదన్నారు. ఒకసారి కొన్నవాళ్ళు తప్పులున్నాయని ఒక లోడు చొక్కాలు తిప్పి పంపారు. అంతకు ముందే టార్గెట్ పెంచారు, రెండు లైన్లలో మనుషుల్ని తగ్గించారు, పాత మిషన్లు అలాగే ఉంచారు. వాటి ఊసు ఎవరూ ఎత్తలేదు. పైవాళ్ళ మీటింగులో తేలిందేమిటంటే, ఆడవాళ్ళ మనసు పని మీద నిలవడం లేదట. దానికి మందు ధ్యానం. పదిన్నరకు మాకు పదిహేను నిమిషాల టీ విరామం ఉండేది. అందులో మొదటి పది నిమిషాలు కళ్ళు మూసుకోవాలి, మిగిలిన ఐదు నిమిషాల్లో టీ తాగాలి. టార్గెట్‌లో మాత్రం ఒక్క చొక్కా కూడా తగ్గలేదు.

ఆ ఐదు నిమిషాల్లో అంతమందీ మెట్లు దిగి కిందికి పోవాలి. అక్కడ రెండు టీ డ్రమ్ములు, ఆరు బాత్రూములు. రెంటిలో ఏదో ఒకటే కుదిరేది. టీ వరసలో నిలబడితే బాత్రూము లేదు, బాత్రూము వరసలో నిలబడితే టీ లేదు. నెలసరి రోజుల్లో ఎలా ఉండేదో నేను రాయను, చదివే ఆడవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. దీన్ని మనశ్శాంతి అన్నారు. నా మొహం మనశ్శాంతి. ఆ కార్యక్రమం వల్ల నాకు దొరికిన ఒకే ఒక్క లాభం ప్లాస్టిక్ స్టూలు. చెకర్లం రోజంతా నిలబడాల్సిన వాళ్ళం కాబట్టి, ధ్యానానికి కూర్చోవడానికి తలా ఒక స్టూలు ఇచ్చారు. పది నిమిషాలు కాగానే వాటినీ ఎత్తుకుపోయేవాళ్ళు.

నేర్పడానికి సర్జాపుర రోడ్డు అపార్ట్‌మెంట్ల వైపు నుంచి ఒకావిడ కారులో వచ్చేది. తెలంగాణ మనిషి. కన్నడం ఒక ముక్క, తెలుగు ఒక ముక్క కలిపి మైకులో మెత్తగా మాట్లాడేది. మనిషి చెడ్డది కాదు. నాకు ఇంకా చిరాకు అదే. చెడ్డదైతే తిట్టుకోవడం సులువుగా ఉండేది.

"శ్వాస లోపలికి వస్తది, బయటికి పోతది. మీరేం చేయొద్దు, జస్ట్ గమనించండి. మనసు పక్కకు పోతే తిట్టొద్దు, మెల్లగ తోల్కరండి. శబ్దం కూడా వస్తది, పోతది. దాని వెంట పోవొద్దు. ఇది ఫలానా శబ్దం అని పేరు పెట్టొద్దు," అనేది.

చప్పుళ్ళకు పేరు పెట్టడమే నా పని. అందుకే నాకు జీతం ఇస్తున్నారు. ఈవిడొచ్చి పేరు పెట్టొద్దంటుంది.

మొదటి వారం శ్వాసలు పది దాకా లెక్కపెట్టి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టమంది. మావాళ్ళు పది దగ్గర ఆగితే కదా. మా బండిల్‌కు ముప్ఫై ముక్కలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులు ముప్ఫై లెక్కనే నడుస్తాయి, నోరూ అంతే. అందరం ముప్ఫై దాకా పోయి ఆగాం. కఫ్‌లు కుట్టే ఒకామె కళ్ళు తెరవకుండానే, "ముప్పై అయినాయి మేడం, ఇంగొక బండిల్ ఎత్తుకోనా?" అని అడిగింది. ఆ రోజు మాత్రం లైను లైనంతా పొట్ట పట్టుకుని నవ్వాం. ఆవిడా నవ్వింది. మా అంతస్తు ఇన్‌చార్జి నవ్వలేదు.

ఇన్‌చార్జి కోలారు వైపు మనిషి, తెలుగు బాగా వచ్చు. ధ్యానం జరిగినంతసేపూ మిషన్ల మధ్య తిరుగుతూ ఎవరు నిద్రపోతున్నారో చూసేవాడు, పైవాళ్ళకు చూపించడానికి ఫోన్‌లో ఫోటోలు తీసేవాడు. రెండో వారంలో ఒకామె కడుపునొప్పి భరించలేక మధ్యలో లేచింది. ఆ రోజు కొన్నవాళ్ళ తరఫు మనుషులు వచ్చి వీడియో తీసుకుంటున్నారు. వాళ్ళు వెళ్ళిపోయాక అతను మైకు తీసుకున్నాడు.

"ఒకటే మాట చెప్తాండా, అందరూ వినండి. ఆ పది నిమిషాలు భూకంపం వచ్చినా ఎవరూ లేసేది లేదు. చెయ్యి కూడా కదిలీకూడదు. కదిలిస్తే వార్నింగ్ లెటరే," అన్నాడు.

మూడొందల మందిమీ విన్నాం. నేనూ విన్నాను.

నా బల్లకు ఎదురుగా, లైనులో ఆఖరి మిషన్ మీద చొక్కా కింది అంచు మడిచి కుట్టే ఆమె ఉండేది. బెంగళూరులోనే పుట్టి పెరిగిన తెలుగు మనిషి, నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్నది. ఆమె కుట్టిన అంచు నేను వేలితో తడిమి చూసేదాన్ని కాబట్టి ఆమె పనితనం నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నేను ఆమె చొక్కాలకు స్టిక్కర్ అంటించిన రోజులు బహు తక్కువ. టీ దొరికిన రోజు ఇద్దరం ఒకే గ్లాసు పంచుకునేవాళ్ళం. ఒకరు బాత్రూము వరసలో, ఒకరు టీ వరసలో నిలబడి ఆ ఐదు నిమిషాలనూ అలా గెలిచేవాళ్ళం.

ఆమెకు అప్పటికే రెండు లెటర్లు వచ్చాయి. ఒకటి, కూతురికి జ్వరమని చెప్పకుండా రెండు రోజులు మానేసినందుకు. ఇంకొకటి, బాత్రూముకు వెళ్ళనివ్వలేదని సూపర్‌వైజర్‌తో గొడవ పడినందుకు. మూడో లెటర్ వస్తే బయటికే. ఇద్దరు పిల్లల చదువు, అత్త మందులు, అన్నీ ఆమె మిషన్ మీదే నడిచేవి.

"ఇంగొకటి వచ్చిందంటే నా కత ముగిసిపోయిందక్కా. పక్క ఫ్యాక్టరీకి పోయినా ఇక్కడికి ఫోన్ చేసి అడుగుతారు. నోరు మూసుకోని ఉండాల, అంతే," అనేది.

అందుకని నోరు మూసుకుంది. ధ్యానంలో కళ్ళు కూడా బుద్ధిగా మూసుకునేది. నేను మూసుకునేదాన్ని కాదు. రెప్పలు సగం దించి, ఇన్‌చార్జి కాళ్ళు ఎటు పోతున్నాయో చూస్తూ కూర్చునేదాన్ని. ఆ పది నిమిషాల్లోనే ఊడ్చే మనుషులు వచ్చి నడవలు ఊడ్చేవాళ్ళు, రోజు మొత్తంలో మా కాళ్ళు కదలని సమయం అదొక్కటే కాబట్టి. దుమ్ము లేస్తుంటే గాలి లోతుగా పీల్చమనేవాళ్ళు. మనసులో నేను ఆవిడను, ఇన్‌చార్జిని, పైవాళ్ళను వరసగా తిట్టుకునేదాన్ని. అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. రోజూ తిట్టుకుంటూ కూర్చోగా కూర్చోగా, తిడుతున్నానన్న సంగతి నాకు తెలియడం మొదలైంది. ఇదిగో, మళ్ళీ తిడుతున్నాను అని మనసులో ఎవరో చూసి చెప్పినట్టుండేది. అలా తెలిసినప్పుడు తిట్టు సగంలో ఆగిపోయి, ఒక్క క్షణం ఏమీ ఉండేది కాదు. ఊపిరి మాత్రం ఉండేది. ఆ క్షణం బాగుండేది. బాగున్నందుకు నాకు మరీ కోపం వచ్చేది.

ఆ రోజు కూడా పదిన్నరకు బెల్లు కొట్టారు. బెల్లు కొట్టగానే మిషన్లు ఆపాలి. కానీ టార్గెట్ తగ్గలేదు కదా, అందరూ మొదటి ఒకటి రెండు శ్వాసల్లో ఇంకో బెత్తెడు కుట్టేసేవాళ్ళు. కాలు మెల్లగా నొక్కితే మోటారు పెద్దగా మోగదు. ఎదురు మిషన్ ఆమె కూడా అంచులో మిగిలిన చివరి కుట్లు వేస్తోంది. ఆ రోజు నాకు ఎందుకో కళ్ళు పూర్తిగా మూసుకోవాలనిపించింది. ముందు రోజు నుంచి మోకాళ్ళు పీకుతున్నాయి, స్టూలు మీద కూర్చోవడమే సుఖంగా ఉంది. మూసుకున్నాను. మైకులో ఆవిడ గొంతు, పక్కన చీపురు చప్పుడు, నా ఊపిరి. తిట్లు ఆ రోజు ఆలస్యంగా కూడా రాలేదు.

అప్పుడు టక్కుమంది.

అది ఏ చప్పుడో నాకు తెలుసు. నా ఎముకలకు తెలుసు. కానీ మైకులో ఆవిడ సరిగ్గా అప్పుడే "శబ్దం వస్తది, పోతది" అంటోంది. నేను దానికి పేరు పెట్టలేదు. చప్పుడు వచ్చింది, పోయింది, నేను ఊపిరి దగ్గరే ఉన్నాను. అన్ని నెలల్లో మొదటిసారి నాకు ధ్యానం కుదిరింది. పైగా లోపల చిన్న సంతోషం కూడా కలిగింది, అబ్బ, వదిలేశానే అని.

ఆ సంతోషం రెండు శ్వాసలు ఉందో లేదో, కళ్ళు తెరిచాను. ఎదురుగా ఆమె కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మిషన్ పాదం కింద చొక్కా అంచు అలాగే ఉంది, సూది ఉండాల్సిన చోట మొండి ముక్క వేలాడుతోంది. ఇన్‌చార్జి మూడు మిషన్ల అవతల నడుస్తున్నాడు. ఏం చేయనక్కా అని ఆమె కళ్ళతోనే అడిగింది. చెయ్యెత్తు అని నేను చెప్పాలి. లేదా నేనే ఎత్తాలి. భూకంపం మాట గుర్తొచ్చింది. ఆమెకున్న రెండు లెటర్లు గుర్తొచ్చాయి. పది నిమిషాలే కదా, అయ్యాక చెబుదాంలే అనుకున్నాను. ఆగు అన్నట్టు తల కొంచెం అడ్డంగా ఊపాను. ఆమె కళ్ళు మూసుకుంది.

ఊడ్చే మనిషి చీపురు ఆమె స్టూలు కింద నుంచి, మిషన్ కాళ్ళ మధ్య నుంచి పోతుంటే నేను చూస్తూ కూర్చున్నాను. కుదిరిన ధ్యానం ఎటు పోయిందో తెలియదు.

పది నిమిషాలు కాగానే ఆమె చెయ్యెత్తింది. రెండు ముక్కలు దొరికాయి, మొన దొరకలేదు. ఊడ్చిన చెత్తంతా నేల మీద పోసి కర్రకు కట్టిన అయస్కాంతం తిప్పారు. సంచులు తిరగేశారు. ఆమె జుట్టు విప్పించి దువ్వించారు. లైను మొత్తం చొక్కాలు ఆపేసి ఒక్కొక్కటే మెటల్ డిటెక్టర్ గుండా పంపారు. సాయంత్రం పోవాల్సిన లారీ పోలేదు. మొన ఈ రోజుకీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం మమ్మల్నిద్దరినీ పైనున్న గదికి పిలిచారు. లోపల ఇన్‌చార్జి, హెచ్చార్ నుంచి వచ్చిన ఒక కుర్ర ఆఫీసరు. ఆ ఆఫీసరుది కోస్తా వైపు, బ్రూక్‌ఫీల్డ్‌లో ఎక్కడో ఉండేవాడట, మాటకు ముందు ఒక ఇంగ్లీషు ముక్క, వెనక ఒక ఇంగ్లీషు ముక్క.

"నీడిల్ బ్రేక్ అయిన వెంటనే రిపోర్ట్ చేయాలి కదమ్మా. టెన్ మినిట్స్ ఎందుకు వెయిట్ చేశారు?" అని ఆమెను అడిగాడు.

"సారే చెప్పినారు, భూకంపం వచ్చినా చెయ్యి కదిలీకూడదని. అందుకే కదిలీలేదు," అంది ఆమె.

"నేను చెప్పింది ఊరికే లేసి తిరిగేవాళ్ళకమ్మా. సూది విరిగితే కూడా కూర్చోమంటినా? లైన్లో అందరికీ తెలిసిన రూలు కదా అది? ఇంగెవరన్నా అట్ల అర్థం చేసుకున్యారా?" అన్నాడు ఇన్‌చార్జి.

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "మీరు ఆపోజిట్‌లోనే ఉంటారు కదండి. చెకర్ కదా. మీకు సౌండ్ వినపడిందా?"

అవునంటే తర్వాతి ప్రశ్న, మరి మీరెందుకు చెయ్యెత్తలేదని. దానికి జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. ఎత్తొద్దన్నారు కాబట్టి ఎత్తలేదు. ఒక మనిషి అలా కూర్చుంటే అది ఆ మనిషి తప్పు. ఇద్దరం అలాగే కూర్చున్నామంటే అది ఆ మాట అన్నవాడి తప్పు. అంత చిన్న లెక్క. ఇన్‌చార్జికి కూడా ఆ లెక్క తెలుసు, అందుకే నన్ను కళ్ళార్పకుండా చూస్తున్నాడు. ఆమె కూడా చూస్తోంది. నేను తల ఊపి ఆపిన సంగతి ఆమె ఇంకా బయట పెట్టలేదు. నేనే చెబుతానని ఆగింది.

నాకు అప్పటిదాకా ఒక్క లెటర్ కూడా రాలేదు. అన్నేళ్ళ ఉద్యోగంలో మచ్చ లేదు. ఆ గదిలో నేను ఆలోచించింది దాని గురించే. ఇంత నోరున్న మనిషిని, ఆ నోటిని ఎక్కడ వాడాలో అక్కడ వాడలేదు.

"లేదు సార్. నేను ధ్యానంలో ఉన్నాను," అన్నాను.

ఇన్‌చార్జి ఊపిరి వదిలాడు. ఆఫీసరు రాసుకున్నాడు. "గుడ్ కాన్సన్‌ట్రేషన్ అండి," అన్నాడు, ఎగతాళిగా కాదు, నిజంగానే. ఆమె నా మీద నుంచి కళ్ళు తీసేసి బల్ల మీద కాగితం వైపు చూసింది. నేను ఆగమన్నానని ఆ తర్వాత కూడా చెప్పలేదు.

మూడో లెటర్ ఆ శనివారమే ఇచ్చారు. మెడలో వేసుకునే గుర్తింపు కార్డు, దారాలు కత్తిరించే చిన్న కత్తెర తిరిగి ఇచ్చేసి ఆమె గేటు దగ్గర సంచీ తనిఖీ చేయించుకుంటుంటే నేను వెళ్ళి నిలబడ్డాను. ఇంకెక్కడైనా చూద్దాంలే అన్నాను.

"నువ్వు నన్ను చూసినావు కదక్కా," అంది.

అంతే అంది. ఆమె సంచీ భుజానికి వేసుకుని చందాపుర సర్కిల్ వైపు నడుచుకుంటూ పోయింది.

తర్వాతి నెల కింద టీ డ్రమ్ముల పక్కన బోర్డు మీద నా ఫోటో పెట్టారు. స్టూలు మీద కళ్ళు మూసుకుని కూర్చున్న ఫోటో. పైన 'ఈ నెల ఏకాగ్రత' అని కన్నడంలో, తెలుగులో రాసి ఉంది. నేను నిజంగా కళ్ళు మూసుకున్నది ఒక్కరోజే కాబట్టి అది ఏ రోజు తీసిందో నాకు తెలుసు. రోజూ ఆ బోర్డు పక్కనే టీ వరస. గ్లాసు పంచుకునే మనిషి లేదు కాబట్టి కొన్నాళ్ళు టీ మానేశాను. ఫోటో చింపేద్దామని రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ అటూ ఇటూ చూసి వెనక్కి వచ్చాను. నా మీద నాకు అసహ్యం వేసింది.

ఆ నెలాఖరులో ఒకరోజు ధ్యానం మొదలయ్యాక ఆవిడ నన్ను ముందుకు పిలిచింది. ఎదురు మిషన్ మీద అప్పటికే కొత్తామె కూర్చుని ఉంది. ఆవిడ మైకులో, "అందరూ కళ్ళు మూసుకొనే వినండి. ఈ అక్క పక్కన సూది విరిగినా ఈమెకు వినపడలేదంట. అంత లోపలికి పోయింది. ఎట్ల పోవాల్నో అక్కనే చెప్తది," అని నా చేతికి మైకు ఇచ్చింది. పాపం, ఆవిడకు ఎవరో అలా చెప్పి పంపారు. ఆ సూదితో ఒక మనిషి ఉద్యోగం పోయిన సంగతి ఆవిడకు తెలియదు.

కానీ నాకు తెలుసు. అరికాలి నుంచి మంట లేచింది. నా సిగ్గుమాలిన అబద్ధాన్ని పాఠం చేసి మూడొందల మందికి నేర్పుతున్నారు.

"నాకు వినబడింది," అన్నాను. మైకులో నా గొంతు నాకే పరాయిగా ఉంది. "సూది విరిగిన చప్పుడు నాకు వినబడింది. అంచులు కుట్టే ఆమె నన్ను చూసింది. నేనే ఆగమన్నాను. భూకంపం వచ్చినా చెయ్యెత్తొద్దన్నారని ఇద్దరం ఎత్తలేదు. గదిలో అడిగితే వినబడలేదని అబద్ధం చెప్పాను. ఆమె తప్పేం లేదు."

కొందరు కళ్ళు తెరిచారు. ఇన్‌చార్జి అటు తిరిగి చూడగానే మళ్ళీ మూసుకున్నారు. చాలామంది అసలు తెరవనే లేదు, వాళ్ళకు నేర్పింది అదే కదా. ఆవిడ నా చేతిలోంచి మైకు మెల్లగా తీసుకుంది.

"మంచిదక్కా, బయట పెట్టిన్రు. ఇప్పుడు దాన్ని కూడా వదిలేయండి. అందరూ మళ్ళ శ్వాస మీదికి రండి," అంది.

అందరూ శ్వాస మీదికి వచ్చారు. నేను వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను. సాయంత్రం దాకా లెటర్ కోసం ఎదురుచూశాను, మర్నాడూ చూశాను. లెటర్ రాలేదు. నాకు లెటర్ ఇవ్వాలంటే ఆ గదిలో రాసుకున్నదంతా మళ్ళీ తిరగేయాలి, భూకంపం మాట దగ్గరికి మళ్ళీ రావాలి. ఎవరికి కావాలి? ఫోటో నెలాఖరు దాకా ఉండి, ఒకటో తారీఖున దాని జాగాలో ఇంకొకరి ఫోటో వచ్చింది.

మైకులో చెప్పిన రోజు సాయంత్రం నేను బస్సు దిగి నడుస్తుంటే ఆమె ఫోన్ చేసింది. మా లైనులో ఎవరో చేరవేసినట్టున్నారు. ఇంటి దగ్గర కూర్చుని చీరలకు కుచ్చులు కడుతోందట, వేళ్ళు నొప్పులంటోందట అని అంతకు ముందే విన్నాను. ఆమె ఫోన్ చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నేను చేసింది ఆమెకు తెలిసింది, కోపం పోయి ఉంటుంది అనుకున్నాను.

"మైకులో చెప్పినావంట కదక్కా," అంది.

"చెప్పాను. ముందే చెప్పాల్సింది," అన్నాను.

"అందరి ముందరా చెప్పినావంట."

"ఊ."

అటువైపు పిల్లలు పాఠం చదువుతున్నట్టు వినబడింది.

"మూడొందల మంది ముందర చెప్పేదానికి నోరొచ్చింది నీకు," అంది. "ఆ పొద్దు గదిలో నువ్వు కాక ఉండింది ముగ్గురే కదక్కా, నన్ను తీసేస్తే ఇద్దరే. అప్పుడు చెప్పింటే నాకు పనికొచ్చుండేది."

తిట్టలేదు, ఏడవలేదు. లెక్క చెప్పినట్టు చెప్పి ఫోన్ పెట్టేసింది. శబ్దం వస్తుంది, పోతుంది అని ఇప్పటికీ ఎవరో ఎక్కడో మైకులో చెబుతూనే ఉంటారు. ఆమె మాట నా చెవిలో అలాగే ఉంది.